మూట భుజానికెత్తి, అడుగు లెక్కపెట్టి

(రేడియో మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



ఈమధ్య మా వీధిలో ఒక వింత చూస్తున్నాను. తెల్లవారుజామున పాలపాకెట్టు కోసం గుమ్మంలోకి వచ్చేసరికి, ఎదురింటి వదినగారు బడిపిల్లలా వీపుకి సంచీ తగిలించుకుని మేడమెట్లు ఎక్కుతూ, దిగుతూ కనిపిస్తున్నారు. సంచీలో ఏముందయ్యా అంటే రెండు కిలోల బియ్యం, కిలో కందిపప్పు, రెండు సీసాల నీళ్ళు. "ఏమిటండీ వదినగారూ, కొట్టుకి వెళ్ళొస్తున్నారా, కొట్టువాడికి తిరిగి ఇచ్చేస్తున్నారా?" అని నవ్వితే, "అమరనాథ్ వెళుతున్నాం కదండీ, అలవాటు చేసుకుంటున్నాను" అన్నారు. ఆవిడ మాట నిజమే. అమరనాథ్ దేవస్థానం బోర్డువాళ్ళు యాత్రకి కనీసం నెలరోజుల ముందునుంచీ రోజూ నాలుగైదు కిలోమీటర్లు నడవమని చెబుతారు. డాక్టరు సర్టిఫికెట్టు లేనిదే పేరే రాసుకోరు. ఆ గుహ ఉన్నది 3,888 మీటర్ల ఎత్తున మరి.

నడకకి కూడా సాధకం కావాలా అని మన పెద్దవాళ్ళు ముక్కున వేలేసుకుంటారు. సంగీతానికి సాధకం ఉంది గాని, నడకకేమిటి? మా అమ్మమ్మ తరం వాళ్ళు చెరువునుంచి చంకన ఒక బిందె, తలమీద ఒక బిందె పెట్టుకుని, మూడోదిగా కొంగు పట్టుకుని వేలాడే పిల్లనో పిల్లాణ్ణో లాక్కుంటూ ఇంటికి వచ్చేవారు. వాళ్ళకి వేరే అభ్యాసం ఎందుకు? బతుకే అభ్యాసం. మనకి ఇంట్లోనే కుళాయి వచ్చింది, వీధి చివర ఆటో వచ్చింది, మేడకి లిఫ్టు వచ్చింది. అవి వచ్చినందుకు నాకేమీ విచారం లేదు. బిందె మోసిన నడుముల నొప్పులు ఎలా ఉండేవో మా అమ్మమ్మకి రాత్రిళ్ళు ఆముదం రాసినదాన్ని నాకు తెలుసు. కాని మోయడం మానేసిన ఒళ్ళు యాత్రకి బయలుదేరితే, మోత మళ్ళీ నేర్చుకోక తప్పదు.

మన యాత్రల చరిత్ర చదువుతూ ఉంటే ఇంకో సంగతి కూడా కనిపిస్తుంది. యాత్ర ఒకరిది, మోత ఇంకొకరిది. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. పదిహేను నెలల పైన ప్రయాణం. ఆయన రాసుకున్న 'కాశీయాత్ర చరిత్ర' మన భాషలో తొలి యాత్రాగ్రంథాల్లో ఒకటి. చాలా మంచి పుస్తకం. అయితే ఆయన వెంట నూరుమంది దాకా పరివారం నడిచింది. పల్లకీ మోసే బోయీలున్నారు, కావళ్ళు మోసేవాళ్ళున్నారు. పుణ్యం పల్లకీలో కూర్చున్నవారికి ఎంత వచ్చిందో, పల్లకీ మోసినవారికీ అంతే రావాలి కదా? నన్నడిగితే ఎక్కువే రావాలి. కాని వాళ్ళ పేర్లు మనకి తెలియవు. హిమాలయాల్లో ఈనాటికీ అంతే. నేపాలు కొండల్లో డోకో అనే వెదురుబుట్ట వీపునేసుకుని, దాని పట్టీ నుదుటికి తగిలించుకుని, మన పరుపులూ మన వంటసామానూ మోసుకువెళ్ళే మనిషి పేరు ఎవరి పుస్తకంలోనూ ఉండదు.

స్పెయిన్ దేశంలో శాంటియాగో అని క్రైస్తవుల పెద్ద క్షేత్రం ఉంది. అక్కడికి వెయ్యేళ్ళకు పైగా జనం నడిచి వెళుతున్నారు. కాలినడకన చివరి నూరు కిలోమీటర్లయినా నడిచినవారికే అక్కడ ప్రమాణపత్రం ఇస్తారు. పన్నెండో శతాబ్దంలో ఆ యాత్ర గురించి రాసిన పెద్ద గ్రంథంలో యాత్రికుడి సంచీ ఎలా ఉండాలో ఒక ప్రసంగం ఉంది. సంచీ చిన్నదై ఉండాలిట, తోలుదై ఉండాలిట, మూతి ముడివేయకుండా తెరిచే ఉంచాలిట. చిన్నది ఎందుకంటే దేవుడే చూసుకుంటాడని నమ్మి కొంచెమే వెంట తీసుకోవాలి. మూతి తెరిచి ఎందుకంటే ఇవ్వడానికైనా, పుచ్చుకోవడానికైనా సిద్ధంగా ఉండాలి. ఇప్పుడు ఆ దారిని నడిచేవాళ్ళు సంచీ బరువు తమ ఒంటి బరువులో పదోవంతు మించకూడదని లెక్క చెప్పుకుంటారు. అంటే అరవై కిలోల మనిషికి ఆరు కిలోలు. మనం రెండురోజుల పెళ్ళికి వెళితే పట్టుచీరలే ఆరు కిలోలు తూగుతాయి!

సరే, యాత్ర పేరు చెప్పి నడకని నిజంగా ఒక విద్యలా నేర్చుకున్నవాళ్ళు మన దేశంలోనే ఉన్నారు. వాళ్ళ కథ వింటే ఆశ్చర్యం వేస్తుంది.

1860 ప్రాంతాల్లో టిబెట్టు దేశంలోకి తెల్లవాళ్ళని రానిచ్చేవారు కాదు. హిందూదేశాన్ని ఏలుతున్న ఇంగ్లీషువాళ్ళకేమో హిమాలయాలకి అవతల ఏముందో పటం గీసుకోవాలని ఆరాటం. తెల్లవాడు వెళితే పట్టుకుంటారు. కొండవాళ్ళు, యాత్రికులు, వర్తకులు ఎప్పుడూ వస్తూ పోతూనే ఉంటారు. అందుకని సర్వే శాఖలో మాంట్‌గొమరీ అనే ఆయనకి ఒక ఆలోచన వచ్చింది. కుమావూఁ కొండల్లో మిలమ్ అనే ఊరి బడిపంతులు నైన్ సింగ్ రావత్‌నీ, ఆయన జ్ఞాతి మణి సింగ్‌నీ 1863లో డెహ్రాడూన్‌కి పిలిపించి శిక్షణ మొదలుపెట్టారు.

ఆ శిక్షణలో ముఖ్యమైన పాఠం ఏమిటో తెలుసా? నడక! ఎక్కుడైనా, దిగుడైనా, చదునైనా, అడుగు ఒక్కలాగే పడాలి. నైన్ సింగ్ అడుగు ముప్ఫైమూడు అంగుళాలు. అది తగ్గకూడదు, పెరగకూడదు. అలసటొచ్చినా, ఆకలేసినా, పక్కనున్న మనిషి పలకరించినా అంతే. మనం ఊరికే కూరగాయల బజారుకి వెళ్ళేటప్పుడు ఒకసారి ప్రయత్నించి చూడండి. నాలుగో అడుగుకే తేడా వచ్చేస్తుంది. దాన్ని ఆయన రెండేళ్ళు సాధకం చేశాడు.

లెక్క తప్పకుండా ఉండడానికి జపమాల ఇచ్చారు. మామూలుగా నూట ఎనిమిది పూసలుండాలి, ఇందులో నూరే ఉంటాయి. నూరు అడుగులకి ఒక పూస జరపాలి. మాల ఒకసారి తిరిగితే పదివేల అడుగులు. చూసేవాళ్ళకి భక్తుడు, లోపల లెక్కల పంతులు. చేతిలో తిప్పే ప్రార్థనచక్రంలో మంత్రాల కాగితాలుండాల్సిన చోట, ఆయన రోజూ రాసుకునే కొలతల కాగితాలు ఉండేవి. ధ్యానంలో ఉన్న భక్తుణ్ణి ఎవరూ కదిలించరు కదా? పెట్టె అడుగున దొంగఅరలో సెక్స్టెంటు, గవ్వల్లో పాదరసం. నీళ్ళు ఏ వేడి దగ్గర మరుగుతున్నాయో థర్మామీటరుతో చూసి ఎత్తు కట్టేవాడు. పైకి వెళ్ళేకొద్దీ నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి. కొండమీద పప్పు ఉడకదని మనం విసుక్కునే సంగతే ఆయనకి శాస్త్రం అయింది. అన్నట్టు, పూసలు ఎనిమిది తక్కువున్నాయని దారిపొడుగునా ఎవరికీ అనుమానం రాలేదు. మా అత్తగారి దగ్గర ఆ మాల పెట్టి ఉంటే మొదటిరోజే బయటపడేది.

1865లో ఖాట్మండూ నుంచి బయలుదేరి, 1866 జనవరిలో నైన్ సింగ్ లాసా చేరాడు. దారిలో చేతిడబ్బు అయిపోతే నేపాలీ వర్తకులకి లెక్కలు నేర్పి గడుపుకున్నాడట. బడిపంతులు కదా, చదువు ఎక్కడైనా అన్నం పెడుతుంది. తిరుగుదారిలో మానససరోవరం మీదుగా వచ్చాడు. మొత్తం పన్నెండువందల మైళ్ళు, లక్షల కొద్దీ అడుగులు. ఒక్కొక్క అడుగూ లెక్కపెట్టినదే! 1877లో లండన్‌లోని రాయల్ జాగ్రఫికల్ సొసైటీవారు ఆయనకి బంగారుపతకం ఇచ్చారు. 2004లో మన తపాలాశాఖ ఆయన బొమ్మతో బిళ్ళ వేసింది.

ఆయన తరవాత వెళ్ళిన కిషన్ సింగ్‌కి ఇంకో చిక్కు వచ్చింది. దొంగల భయంవల్ల బిడారువాళ్ళు ఆయన్ని బలవంతంగా గుర్రమెక్కించారు. అడుగులు లెక్కపెట్టడం ఎలా? గుర్రం కుడి ముందుకాలు ఎన్నిసార్లు పడిందో లెక్కపెట్టాడుట! సిక్కిం నుంచి వెళ్ళిన కింథుప్ కథ మరీ జాలి. దర్జీపని చేసుకునేవాడు, చదువు రాదు. 1880లో వెంట వచ్చిన లామాయే ఆయన్ని బానిసగా అమ్మేసి పోయాడు. తప్పించుకుని ఒక మఠంలో చేరి, తీర్థయాత్రకి వెళ్ళొస్తానని పెద్దలామా దగ్గర సెలవు పుచ్చుకుని, అడవిలో ఐదువందల దుంగలు కొట్టి, గుర్తులు పెట్టి, రోజుకి యాభై చొప్పున సాంగ్‌పో నదిలో వదిలాడు. ఆ నదే కిందికి వచ్చి మన బ్రహ్మపుత్ర అవుతుందో లేదో తేల్చడానికి. ఫలానా రోజుల్లో దుంగలు వస్తాయి, చూడండి అని రాయించి పంపిన ఉత్తరం చేరాల్సినవారికి అందనేలేదు. కింద ఎవరూ చూడలేదు. నాలుగేళ్ళ తరవాత ఇల్లు చేరాడు. ఆయన చెప్పిన దారి చాలావరకు నిజమేనని 1913లో ఆ ప్రాంతానికి వెళ్ళిన ఆఫీసర్లు తేల్చారు.

వీళ్ళందరూ మగవాళ్ళు, ప్రభుత్వం జీతమిచ్చి పంపినవాళ్ళు. ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న మనిషి దగ్గరికి వస్తాను. ఆవిడ ఒక ఆడది, జీతంలేదు, పంపినవారు లేరు, పైగా యాభై అయిదేళ్ళ వయస్సు. పేరు అలెగ్జాండ్రా డేవిడ్-నీల్.

1868లో పారిస్ పక్కన పుట్టింది. చిన్నప్పటినుంచీ ఇల్లు కాలవదు. పదిహేనేళ్ళు రాకముందే సన్యాసుల జీవితచరిత్రలు చదివి, వాళ్ళలాగ ఉపవాసాలు, ఒంటిని కష్టపెట్టుకునే నియమాలు మొదలుపెట్టిందిట. పదిహేడేళ్ళకి చెప్పాపెట్టకుండా ఇంట్లోంచి వెళ్ళిపోయి, స్విట్జర్లాండ్‌లో రైలు దిగి, ఆల్ప్స్ కొండల్లో సెయింట్ గొథార్డ్ కనుమని కాలినడకన ఒంటరిగా దాటింది. వాళ్ళమ్మ ఇటలీ దాకా వెళ్ళి తీసుకురావలసి వచ్చింది. ఆ తల్లి పడిన బాధ ఎవరూ రాయలేదు గాని, మనం ఊహించుకోవచ్చు.

తరవాత పాటలు నేర్చుకుని, 1895లో హనోయ్ నగరంలో ఒపేరా గాయని అయింది. 1904లో ట్యూనిస్‌లో రైల్వే ఇంజనీరు ఫిలిప్ నీల్‌ని పెళ్ళాడింది. 1911లో, పద్దెనిమిది నెలల్లో తిరిగి వస్తానని భర్తకి చెప్పి తూర్పుదేశాలకి ఓడెక్కింది. ఆ ప్రయాణంలోనే మన చెన్నపట్నంలో అడయారు దివ్యజ్ఞాన సమాజానికి వచ్చింది, పుదుచ్చేరిలో అరవిందులవారిని చూసింది. పద్దెనిమిది నెలలు పధ్నాలుగేళ్ళయ్యాయి. 1925లో గాని తిరిగి వెళ్ళలేదు.

ఇక్కడ మీలో కొందరు "అదేం పనమ్మా!" అంటారని తెలుసు. నేను కూడా అన్నాను. ఆ భర్త మాత్రం డబ్బు పంపుతూనే ఉన్నాడు, ఆవిడ ఉత్తరాలు రాస్తూనే ఉంది. ఆ ఉత్తరాలు తరవాత పుస్తకంగా వచ్చాయి. ఆవిడ సాహసం మీద నాకు గౌరవమే. కాని ట్యూనిస్‌లో భోజనాల బల్ల దగ్గర ఒంటరిగా కూర్చుని, మంచుకొండల మీంచి వచ్చిన ఉత్తరం విప్పుకున్న ఆయన్ని తలుచుకుంటే జాలేస్తుంది. అదే మగవాడు ఇల్లు విడిచి వెళితే, ఇంటిదగ్గర ఎదురుచూసిన ఇల్లాలి గురించి ఎవరమైనా ఇంతసేపు మాట్లాడుకుంటామా అన్నది వేరే ప్రశ్న.

1912లో కాలింపాంగ్‌లో పదమూడవ దలైలామా దర్శనం చేసుకుంది. 1914 నుంచి రెండేళ్ళపాటు సిక్కింలో లాచెన్ పైన నాలుగువేల మీటర్ల ఎత్తున గుహలో, ఒక లామా దగ్గర శిష్యరికం చేసింది. టిబెట్టు భాష నేర్చుకుంది. తుమ్మో అనే సాధనతో ఒంట్లో వేడి పుట్టించుకుని చలికి తట్టుకోవడం నేర్చుకుంది. 1914లోనే యోంగ్‌డెన్ అనే పదిహేనేళ్ళ సిక్కిం కుర్రవాడు ఆవిడ దగ్గర చేరాడు. ఇక చివరిదాకా విడిచిపెట్టలేదు. 1916లో అనుమతి లేకుండా టిబెట్టులో షిగాట్సే వెళ్ళి పంచెన్ లామాని చూసివచ్చినందుకు ఇంగ్లీషువాళ్ళు ఆవిణ్ణి సిక్కింనుంచి వెళ్ళగొట్టారు. జపాను, కొరియా, చైనాలు తిరిగి, కుంబుం మఠంలో మూడేళ్ళు ఉంది. లాసా వెళ్ళాలని నాలుగుసార్లు ప్రయత్నించి, నాలుగుసార్లూ విఫలమైంది. కంచరగాడిదలు, సామాన్లు, నౌకర్లు వెంట ఉంటే పదిమంది కళ్ళూ పడతాయని అప్పుడు అర్థమైంది. అయిదోసారి పద్ధతే మార్చేసింది.

టిబెట్టులో అర్జోపాలు అని ఉంటారు. సామాను వీపున వేసుకుని, మఠంనుంచి మఠానికి కాలినడకన తిరుగుతూ, బిచ్చమెత్తుకుని బతికే పేద యాత్రికులు. వేలాదిమంది. ఎవరూ వాళ్ళని పట్టించుకోరు. ఆవిడ అలాంటి ముసలి యాత్రికురాలు, యోంగ్‌డెన్ ఆవిడ కొడుకు, లామా. అదీ వేషం. జుట్టుకి నల్లసిరా పూసి, దానికి జడలబర్రె వెంట్రుకల సవరం కట్టుకుంది. మొహానికి కోకో పొడి, నలిపిన బొగ్గు రాసుకుంది. చేతులు తెల్లబడుతున్నాయనిపిస్తే వంటగిన్నె అడుగున మసి ఉండనే ఉంది. మనం గిన్నె తోమి తోమి వదలగొట్టే మసి ఆవిడ ప్రాణం కాపాడింది.

1923 అక్టోబరులో యునాన్ నుంచి బయలుదేరారు. మొక్కలు ఏరుకోవడానికి వెళుతున్నామని చెప్పి ఇద్దరు కూలీలని వెంట పెట్టుకున్నారు. కొన్నిరోజులు పోయాక ఒక్కొక్కణ్ణి ఒక్కొక్క వంక చెప్పి, ఇద్దరూ ఒకరికొకరు తారసపడకుండా వేరువేరు దారుల్లో పంపించేశారు. అప్పుడు పడింది బరువు వాళ్ళ వీపుమీద. వీరాస్వామయ్యగారి పల్లకీ చెప్పాను కదా, ఆ యాత్రకీ ఈ యాత్రకీ తేడా అక్కడే ఉంది.

ఆ మూటలో ఏముందో వినండి. ఒక పలచని నూలు గుడారం, దాని మేకులు, తాళ్ళు. ఒక అల్యూమినియం గిన్నె. అదే కుండ, అదే టీకెటిల్, అదే సమస్తం. రెండు చెంచాలు, ఒక కత్తి. సంపా అనే బార్లీ పేలాలపిండి, టీ ఇటుక, వెన్న, ఉప్పు. చెప్పులకి అడుగు కుట్టుకోవడానికి తోలుముక్క. దుప్పట్లు లేవు, మార్చుకోవడానికి రెండోజత బట్ట లేదు. ఉంటే బీదవాళ్ళలాగ కనిపించరు. రాత్రిళ్ళు గుడారం గుడ్డనే మంచులో కప్పుకుని పడుకునేవారు. బట్టల లోపల ఎవరికీ కనపడకుండా డబ్బు, దిక్సూచి, రివాల్వరు. తల్లీకొడుకుల వేషం కాబట్టి పోలీసులకీ భయపడాలి, దొంగలకీ భయపడాలి.

మూట కట్టడంలోనే ఆడదాని తెలివి తెలుస్తుంది అంటాను నేను. ఏది వదలాలో తెలిసినదానికే ఏది ఉంచాలో తెలుస్తుంది. దారిలో ఒక చిత్రం జరిగింది. ఎవరో పారేసుకున్న గొర్రెపిల్ల బొచ్చుటోపీ యోంగ్‌డెన్‌కి కనిపించింది. దారిలో పడిన టోపీ తీయడం టిబెట్టువాళ్ళ లెక్కలో అపశకునం. ఆవిడ మాత్రం తీసి మూటలో పెట్టుకుంది. తరవాత మంచు కనుమల్లో ఆ టోపీయే చెవులు కాపాడింది, తలకట్టు బయటపడకుండా వేషాన్నీ కాపాడింది.

మొదట ఖా కర్పో అనే పవిత్రపర్వతం చుట్టూ ప్రదక్షిణం చేసే జనంలో కలిశారు. మన అరుణాచల గిరిప్రదక్షిణంలాంటిదే గాని, అక్కడ మంచు కనుమలు దాటాలి. మొదట్లో రాత్రిళ్ళు నడిచి, పగలు చెట్లలో దాక్కున్నారు. ఒక నదిమీద తాడుకి వేలాడుతూ దాటుతుంటే లాగే తాడు తెగి, ఆవిడా ఇంకో టిబెట్టు పిల్లా నడిమధ్యన ఆగిపోయారు. కింద నది హోరు. ఆ పిల్ల బెదిరిపోతుంటే ఈవిడే ధైర్యం చెప్పిందిట.

మంచులో ఒకచోట యోంగ్‌డెన్ కాలు మడతపడింది. సంపా అయిపోయింది. చెప్పులకి నీరు పట్టకుండా రాసే పందికొవ్వు ముక్క, ఆ తోలుముక్కలు కలిపి ఉడికించి, ఆ నీళ్ళు తాగారు. ఇంకోసారి నిప్పు చేసుకునే చెకుముకి తడిసిపోయింది. ఆవిడ గుహలో నేర్చుకున్న తుమ్మో సాధన చేస్తూ, ఆ చెకుముకిని ఒంటికి ఆనించుకుని ఆరబెట్టి, నిప్పు రాజేసింది. నమ్మేవాళ్ళు నమ్ముతారు, నమ్మనివాళ్ళు ఒంటి వేడికే ఆరింది అంటారు. ఎలా అయినా పదేళ్ళ ముందు గుహలో చలికి కూర్చున్న కూర్చోడం ఆ రాత్రి అక్కరకి వచ్చింది. అభ్యాసం అంటే వీధిలో నడవడం ఒకటే కాదని నాకు ఆ ఘట్టం దగ్గరే తట్టింది. తక్కువతో గడుపుకోవడం, చన్నీళ్ళు, కటికనేల, పరాయి ఇంట్లో పెట్టింది తినడం, ఇవన్నీ అభ్యాసాలే. మన అయ్యప్పదీక్షలో నలభైఒక్కరోజులూ చెప్పుల్లేకుండా నడిచి, నేలమీద పడుకుని, చన్నీటిస్నానం చేసి, ఆపైన ఇరుముడి తలకెత్తుకోమన్న పెద్దలకి ఈ సంగతి బాగానే తెలుసు.

యోంగ్‌డెన్ సంగతి కూడా చెప్పాలి. పుస్తకాల అట్టమీద ఆవిడ పేరే పెద్దగా కనిపిస్తుంది గాని, ఊళ్ళల్లో జాతకాలు చెప్పి పిండీ వెన్నా సంపాదించినది ఆ కుర్రవాడు. మాటల్లో పట్టుబడకుండా ముందుకొచ్చి జవాబులు చెప్పినది ఆ కుర్రవాడు. ఒకచోట దొంగలు అతని దగ్గర రెండు రూపాయలు లాక్కుంటే, ఆవిడ నెత్తీనోరూ బాదుకుంటూ దేవతలందరినీ పిలిచి శపించడం మొదలుపెట్టింది. దొంగలు హడిలిపోయి డబ్బు తిరిగి ఇచ్చేశారు! ఆ దేవతల పేర్లన్నీ మఠాల్లో చదువుకున్నవే. చదువు ఎక్కడైనా పనికొస్తుందని నైన్ సింగ్ దగ్గర అన్నాను, ఇక్కడ కూడా అంతే.

నాలుగు నెలలు నడిచి, 1924 ఫిబ్రవరిలో కొత్తసంవత్సరం పండుగ సందడిలో లాసా చేరారు. రెండు నెలలున్నారు. పోతల కోట చూడడానికి వెళితే ద్వారం దగ్గర టోపీ తియ్యమన్నారు. జుట్టుకి సిరా పోయి అసలురంగు బయటపడింది, సవరం ఒకరంగు, జుట్టు ఒకరంగు. జనం నవ్వారు. లదాఖు మనిషి కాబోలనుకున్నారు! తిరుగుదారిలో గ్యాంట్సేలో ఇంగ్లీషు అధికారి ఇంటి తలుపు తట్టి తానెవరో చెప్పినప్పుడు గాని లోకానికి తెలియలేదు. 1927లో పుస్తకం వచ్చింది.

మళ్ళీ మన సంగతికి వస్తే, కైలాస మానససరోవర యాత్ర 2020లో ఆగిపోయి, 2025లో మళ్ళీ మొదలైంది. కైలాసం చుట్టూ ప్రదక్షిణం యాభైరెండు కిలోమీటర్ల దాకా, మధ్యలో డోల్మా కనుమ 5,600 మీటర్లు దాటిన ఎత్తు. అలాంటి చోటికి వెళ్ళేవారు డాక్టరుకి చూపించుకోవడం మొదటిపని. ఆ తరవాత ఖాళీ చేతులతో రోజూ నడక. అది అలవాటైనాక సంచీలో కిలో రెండుకిలోలతో మొదలుపెట్టి, వారానికి కొంచెం చొప్పున పెంచడం. బరువు వీపుకి ఆని ఉండాలి, వేలాడకూడదు. నడుముపట్టీ ఉంటే బిగించుకుంటే భుజాలు తేలికపడతాయి. కొత్తబూట్లు యాత్రరోజున తొడగకండి, పొక్కులు వస్తే దేవుడు కూడా గుర్తుకు రాడు. మెట్లు ఎక్కడం సంగతి అందరూ చెబుతారు, దిగడం సంగతి ఎవరూ చెప్పరు. మోకాళ్ళు పట్టేసేది దిగేటప్పుడే. బరువుతో మెల్లగా దిగడం కూడా అలవాటు చేసుకోవాలి. వీధిలో నవ్వేవాళ్ళు నవ్వుతారు. పదో తరగతి చదివిన నాలాంటిదానికి టిబెట్టు సంగతులెందుకని నవ్వినవాళ్ళూ ఉన్నారు.

అలెగ్జాండ్రా 1929లో యోంగ్‌డెన్‌ని దత్తత చేసుకుంది. ఫ్రాన్సులో డీన్య్ అనే కొండఊళ్ళో ఇల్లు కొనుక్కుని పుస్తకాలు రాస్తూ ఉండిపోయింది. అరవైఎనిమిదేళ్ళు దాటాక మళ్ళీ చైనా వెళ్ళి, యుద్ధంలో చిక్కుకుని, ఏళ్ళ తరబడి అక్కడే ఉంది. ఆ మధ్యలోనే, 1941లో, భర్త పోయాడు. 1955లో యోంగ్‌డెన్ ఆవిడకంటే ముందే పోయాడు. నూరో ఏట ఆవిడ తన పాస్‌పోర్టుని మళ్ళీ కొత్తది చేయించుకుంది. 1969 సెప్టెంబరులో, నూటొకటి నిండడానికి కొద్దిరోజులుండగా కన్నుమూసింది. చివరి పదేళ్ళూ ఆవిణ్ణి కనిపెట్టుకుని ఉన్న మరీ-మాద్లెన్ పెరొనే అనే ఆవిడ, 1973లో ఆ ఇద్దరి అస్థికలూ మన కాశీకి తీసుకువచ్చి, గంగలో కలిపింది.